మడమ లేచే మలుపు

ఊనా ఫోన్ చేసినప్పుడు నేను పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. "నాన్న ఇల్లు అమ్మకానికి పెట్టాను. శనివారం ఒకసారి వస్తావా, నీతో పనుంది" అంది. ఐర్లండ్‌లో నేనుండే కాజిల్‌బార్ నుంచి కారులో పది నిమిషాలు. గుమ్మం ముందు ఆగి, అలవాటు కొద్దీ బూట్లు విప్పి, మెట్టు పక్కన జతగా పెట్టి లోపలికి వెళ్ళాను. ఊనా నా కాళ్ళు చూసి, "ఇంకా మానలేదా నువ్వు" అని నవ్వింది. సామానంతా అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయింది కానీ గోడలకి పట్టిన పొగ వాసన ఎక్కడికీ పోలేదు. హాల్లో నేల మీద నేను అంటించిన పసుపు టేపు కూడా అలాగే ఉంది. వంటింటి గుమ్మం దగ్గర మొదలైన రెండు గీతలు ముందు తలుపు దాకా వచ్చి, అక్కడ పెద్ద వంపు తిరిగి, మళ్ళీ వంటింటికే వెళతాయి. "సోమవారం ఇల్లు చూడ్డానికి మనుషులొస్తున్నారు, ఇది పీకేయమన్నాడు ఏజెంటు. రెండుసార్లు కత్తి పట్టుకుని కూర్చున్నాను, చేతులు రాలేదు. అంటించింది నువ్వు. నువ్వే తియ్యి" అంది ఊనా. నేను నేల మీద కూర్చున్నాను. ఈ మధ్య నా మోకాళ్ళు అంత తేలిగ్గా వంగడం లేదు, కానీ ఆ టేపు పక్కన వంగాయి.

అది అంటించేనాటికి ఈ దేశంలో నా వయసు రెండేళ్ళు. మనిషికి ఎన్నేళ్ళున్నా కొత్త దేశంలో మళ్ళీ నడక నుంచే మొదలుపెట్టాలి, పడాలి, ఎవరో ఒకరు లేపాలి. బాపట్ల దగ్గర మిషను ఆసుపత్రిలో పదేళ్ళు నర్సుగా చేసినదాన్ని, ఇక్కడ రిజిస్ట్రేషను పరీక్ష రాస్తే తప్ప నర్సుని కాను. కోవిడ్ వచ్చి ఆ పరీక్షని వాయిదాల మీద వాయిదాలు వేసింది. ఈలోపు కేరర్‌గా ఇళ్ళకి వెళ్ళి పెద్దవాళ్ళకి స్నానాలు చేయించి, గుడ్లు ఉడికించి పెట్టేదాన్ని. గ్రేస్ ఆంటీ ఇంట్లో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. ఆంటీది చీరాల, ఊళ్ళోని పెద్దాసుపత్రిలో నర్సు. ఆ ఏడాది మా ఇంటి పద్ధతులు ఆంటీ పెట్టినవే. డ్యూటీ నుంచి వచ్చినవాళ్ళు వెనక తలుపు గుండానే రావాలి, బట్టలు అక్కడే విప్పి మిషన్లో వెయ్యాలి, తలస్నానం చేశాకే వంటింట్లోకి అడుగు. స్టవ్ మీద ఒక పక్క మిరియాల చారు, ఇంకో పక్క నీలగిరి తైలం వేసిన ఆవిరి నీళ్ళు. ఏ వాసన దేనిదో ముక్కుకి తెలిసేది కాదు. సాయంత్రం ఆరింటికి ఆంటీ ఫోన్‌ని పప్పుల అల్మారా తలుపుకి ఆనించి, చీరాల చుట్టాలతో కలిసి ప్రార్థన చేసేది. ఆమెన్ అనగానే ఎవరింట్లో ఎవరికి జ్వరమో కనుక్కునేది.

మార్టిన్ ఇంటికి నన్ను వేసింది ఆ శీతాకాలంలోనే. డెబ్బై తొమ్మిదేళ్ళు, భార్య పోయింది, ఒక్కతే కూతురు ఊనా. ఆవిడ ఉద్యోగం డబ్లిన్‌లో లెపర్డ్స్‌టౌన్ దగ్గర. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులు కాబట్టి తండ్రిని చూడాలన్నా ఫోన్లోనే. నాకు కంపెనీ వాళ్ళిచ్చిన ఉత్తరం ఉండేది, దారిలో గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఆపితే అద్దంలోంచి చూపించి వెళ్ళిపోయేదాన్ని. మార్టిన్‌కి పార్కిన్సన్స్. తిన్నగా నడిపిస్తే బాగానే నడిచేవాడు, వెనక్కి తిరగాల్సి వచ్చేసరికి పాదాలు నేలకి అతుక్కుపోయేవి. బుద్ధి కదలమంటుంది, కాళ్ళు వినవు. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఆయన కాళ్ళకి ఒకే జత బూట్లు. గోధుమరంగు తోలువి, బరువైనవి, వేళ్ళ దగ్గర గుండ్రంగా కాకుండా పలకలా ముందుకి పొడుచుకొచ్చి ఉండేవి. ఆ పలక కింద మూడు రంధ్రాలు. ఆదివారం రేడియోలో చర్చి పూజ విన్నాక, ఒక గుడ్డతో మైనం పట్టించి వాటిని గంటసేపు తోమేవాడు. ఆ బూట్లతోనే బయట షెడ్డులోకి వెళ్ళి పొయ్యిలో కాల్చే పీట్ మట్టి ముక్కలు తెచ్చుకుని, ఆ బురదతోనే వంటింట్లో తిరిగేవాడు. మొదటిరోజు నుంచీ నాకు ఆ బూట్లంటే పడదు.

ఇంట్లో చెప్పులతో తిరగడం ఏమిటి? మా అమ్మ అయితే అలాంటి ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగదు. మూడోరోజు నేను హాలూ వంటిల్లూ వేడినీళ్ళతో, ఫినాయిలుతో అద్దంలా తుడిచాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉండగా, "అంకుల్, కాళ్ళకి గాలి తగలనివ్వండి" అని బూట్లు విప్పి, మెట్టు పక్కన జతగా పెట్టి వచ్చాను. పాపం ఆయన వద్దనలేదు, మొహమాటపడ్డాడు. ఉన్ని మేజోళ్ళతో కూర్చుని నా వంక చూస్తూ ఉండిపోయాడు. నేను టీ పెడుతున్నాను, నా పనితనానికి నేనే మురిసిపోతూ. ఇంతలో బయట వాన మొదలైంది. బూట్లు తడుస్తాయని ఆయన లేచినట్టున్నాడు. ముందు తలుపు దాకా వెళ్ళాడు, బూట్లు అందుకున్నాడు, వెనక్కి తిరగబోయాడు. నాకు చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే నున్నటి నేల మీద పక్కకి పడి ఉన్నాడు, కనుబొమ్మ చిట్లి రక్తం, రెండు బూట్లూ గుండెకి హత్తుకుని ఉన్నాడు.

ఆ సాయంత్రం గ్రేస్ ఆంటీకి చెప్పాను. ఆంటీ చారు గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఏం చేశావో తెలుస్తందా నీకు? అంత పెద్దాయన్ని మేజోళ్ళతో నున్నటి లైనో షీటు మీద నిలబెట్టావు. అదేమన్నా మన బాపట్ల గచ్చు అనుకున్నావా?"

"శుభ్రంగా ఉంటదని చేశా ఆంటీ."

"శుభ్రం. ఎముక ఇరిగితే ఆయన్ని నా వార్డుకే తెచ్చేవాళ్ళు. ఆ వార్డులోంచి ఎంతమంది ఇంటికెళ్తన్నారో నేను చూస్తన్నా." గరిటె మళ్ళీ అందుకుంది. తర్వాత, "ఎముక బాగానే ఉందిగా?" అంది.

"ఉంది. మణికట్టు వాచింది, నుదురు మీద దెబ్బ."

"అయితే దేవుడు ఒక్క అవకాశం ఇచ్చాడు. తిను ముందు."

మర్నాడు డిస్ట్రిక్ట్ నర్సు వచ్చింది. ఎలా పడ్డారని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మార్టిన్, "నేనే బూట్లు విప్పుకున్నాను, బుద్ధి లేక" అన్నాడు. నా వైపు చూడలేదు. ఆమె రాసుకుంది. ఆరు వారాల్లో ఫిజియో వచ్చి పరీక్ష చేస్తుందని, కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి, వచ్చి కూర్చోవాలని, అది క్షేమంగా చెయ్యలేకపోతే ఇక వృద్ధులుండే నర్సింగ్ హోమేనని మెల్లగా చెప్పింది. ఆ రోజుల్లో నర్సింగ్ హోమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. కిటికీ అద్దానికి అవతల నుంచి పిల్లలు చెయ్యి ఊపి వెళ్ళిపోయేవారు. ఆమె వెళ్ళాక ఆయన టీ కప్పు కింద పెట్టి, "ఆ మంచం మీద చావాలనుంది నాకు" అని తన గది వైపు చూపించాడు. కోపంగా కాదు, ఫలానా దుకాణంలోనే రొట్టె కొనాలి అన్నంత మామూలుగా. నేను ఇంటికెళ్ళి ఆంటీతో, తప్పు నాదేనని ఆఫీసుకి చెప్పేస్తానన్నాను. "చెప్పు. వద్దనను. నువ్వు చెప్పగానే నిన్ను తీసేసి ఇంకొకళ్ళని పంపుతారు. వచ్చినామె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళిపోద్ది. ముందు ఆయన్ని నిలబెట్టు, తర్వాత చెప్పుకో" అంది. నాకు ఆ మాట నచ్చింది. నా మీద నాకు ఎప్పుడూ కొంచెం ఎక్కువ నమ్మకమే.

మొదట నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. మనవాళ్ళు పెద్దవాళ్ళని నడిపించే పద్ధతి: మోచెయ్యి పట్టుకుని, "జాగ్రత్త, జాగ్రత్త, మెల్లగా" అంటూ మనమే ముందుకి లాక్కెళ్ళడం. నాలుగు రోజులు లాగాను. మలుపు దగ్గర నేను ఎంత లాగితే ఆయన పాదాలు అంత గట్టిగా బిగుసుకునేవి. ఐదోరోజు ఆయన చెయ్యి విదిలించుకున్నాడు. ఆయన తన మేయో జిల్లా యాసలో చెప్పిన దాన్ని నాకు తెలిసినంతలో తెలుగులో రాస్తున్నాను. "నువ్వు జాగ్రత్త అనగానే నా కాళ్ళు నీ మాట వింటున్నాయి, నా మాట వినడం లేదు. తిరగడం నాకు తెలుసు, రూత్. మంచు మీద తొమ్మిది రకాలుగా తిరిగినవాణ్ణి." అప్పుడే తెలిసింది ఆ బూట్ల కథ. పెళ్ళికాని రోజుల్లో ఆయన నార్వేలో కొండకి సొరంగం తొలిచే పనికి వెళ్ళాడు. అద్దెకున్న ఇంట్లో ఒక ముసలి పోస్ట్‌మాన్ ఉండేవాడట, శీతాకాలమంతా చెక్క స్కీల మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాడు. ఆదివారాలు ఆయనే ఈయనకి స్కీయింగ్ నేర్పాడు. ఆ బూట్ల కొసన ఉన్న మూడు రంధ్రాల్లో స్కీకి ఉన్న మూడు మేకులు దిగుతాయి. వేళ్ళ దగ్గర మాత్రమే పట్టు, మడమకి ఏ కట్టూ ఉండదు, మనిషి నడిచినప్పుడల్లా లేస్తుంది.

సరే, మీకొచ్చిన మలుపులన్నీ చూపించండి అన్నాను. ఆయన వంటింటి బల్ల పట్టుకుని ఒక్కొక్కటే చెప్పేవాడు, చెయ్యడం నా వంతు. యూనిఫాం, ఏప్రన్, మాస్కు, చేతులకి గ్లవ్స్, కాళ్ళ కింద మంచు లేదు. మొదటిది, ముందు కొసలు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి, ఒక కాలి మీద బరువు వేస్తూ తిరగడం. పిల్లలకి నేర్పేది అదేనట, మాకది పనికి రాలేదు. రెండోది నిలుచున్నచోటే తిరిగేది. ఒక కాలు గాల్లోకి ఎత్తి, దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి నేల మీద పెట్టి, రెండోదాన్ని దాని పక్కకి తేవాలి. మధ్యలో ఒక పాదం తూర్పుకీ ఒకటి పడమరకీ ఉంటాయి. నేను చెయ్యబోయి పళ్ళేలు పెట్టే డ్రెస్సర్‌కి గుద్దుకున్నాను. ఆయన చేస్తే ఏమయ్యేదో తలుచుకుని దాన్ని ఆ రోజే కొట్టేశాను. ఇంకొకటి మడమలు ఒకచోట ఉంచి, కొసల్ని విసనకర్ర విప్పినట్టు చిన్నచిన్న అడుగులుగా జరుపుకుంటూ తిరగడం. దాని మీద చాలా ఆశ పెట్టుకున్నాను. కానీ అడుగు చిన్నదయ్యేకొద్దీ ఆయనకి ఇంకా చిన్నదై, చివరికి ఆగిపోయేది. పోస్ట్‌మాన్ తాతల కాలంలో చేతికి ఒకే ఒక పొడవాటి కర్ర ఉండేదట, దాని మీద వాలి తిరిగేవారట. దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని వేగం తగ్గించుకునే వాళ్ళని చూస్తే పోస్ట్‌మాన్ ఉమ్మేసేవాడట. ఇక అన్నిటికన్నా టెక్కుది రాజుల పేరు పెట్టుకున్న మలుపు. లోపలి కాలి మీద ఒంటికాలిపై జారుతూ, రెండోది వెనక్కి గాల్లోకి చాపి తిరగడం. "దేనికి పనికొస్తుంది అది?" అన్నాను. "పెళ్ళికి పనికొచ్చింది. సెలవులో వచ్చి మా వెనక గడ్డి వాలు మీద మంచు పడినప్పుడు చేశాను. కంచెలోకి వెళ్ళి పడ్డాను. ఊనా వాళ్ళమ్మ వచ్చి లేపింది" అన్నాడు. హాల్లో పడ్డాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు షెడ్డులో కరెంటు పనికి వాడే పసుపు టేపు కనిపించింది. మా వీధిలో తొక్కుడుబిళ్ళలో నన్ను కొట్టినవాళ్ళు లేరు. గీత ఉంటే కాలు దాన్ని దాటాలనుకుంటుంది, గీత లేకపోతే నేలంతా ఒకటే. హాలు పాత రైతు ఇంటిది, బాగా వెడల్పు. అందులో అడ్డగీతలు కొన్ని వేశాను. ఆయన చూసి, "మంచు మీద గళ్ళుండవు. జాడలుంటాయి. ముందు వెళ్ళినవాడి జాడలో కాలు పెడితే చాలు" అని, గీతలు పొడవునా వెయ్యమన్నాడు. ముందు తలుపు దగ్గర, గోడ నుంచి గోడ దాకా పెద్ద వంపు. అప్పుడు దాచుకున్న మలుపు చెప్పాడు. టెలిమార్క్, ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది, పాతది. బయటి కాలు ముందుకి జారాలి, వెనక కాలి మడమ లేవాలి, రెండు మోకాళ్ళూ వంగాలి, బరువు రెండిటి మీదా సమానంగా ఉండాలి. చర్చిలో ఒక మోకాలు వంచబోయి మధ్యలో మనసు మార్చుకున్న మనిషిలా ఉంటుంది. నిలుచున్నచోట తిరగడం కాదు అది, వెళుతూ వెళుతూ తిరగడం. మలుపుని ఒక మలుపు అనుకోకుండా పెద్ద దారి అనుకోవడం. "నువ్వు ముందు వెళ్ళు, నీ జాడలో నేనొస్తాను" అన్నాడు. నేను ముందు, ఆయన వెనక. చెయ్యి పట్టుకోలేదు. జాగ్రత్త అనలేదు, పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. వంపు దగ్గర నేను వంగాను, వెనక తోలు కిర్రుమంది, బూటు మడమ లేచిన చప్పుడు అయింది. వెనక్కి చూస్తే ఆయన నా వెనకే, వంటింటి వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. "గ్రాండ్" అన్నాడు. ఆ తర్వాత రోజుకి పదిసార్లు తిరిగేవాళ్ళం. ఆంటీ ఇంట్లో చారు కలుపుతూ కూడా నా కాళ్ళు అదే చేస్తుంటే, "ఇదేం డాన్సే తల్లీ" అనేది.

ఫిజియో చిన్నమ్మాయి. మాస్కు పైన కళ్ళు మంచివి. హాల్లోకి వచ్చి టేపు చూసి, "బాగుంది కానీ, గీతలు లేనిచోట చూడాలి నేను" అని ముందుగదిలోకి వెళ్ళింది. తివాచీ మీద కుర్చీ వేసి, కొలిచి, అవతల నారింజరంగు ప్లాస్టిక్ గుర్తు ఒకటి పెట్టింది. నన్ను గోడ దగ్గరికి జరగమని, మాట్లాడొద్దని చెప్పింది. మార్టిన్ లేచాడు, నడిచాడు, గుర్తు దగ్గరికి వచ్చాడు, ఆగిపోయాడు. తివాచీ మీద జాడ లేదు. పాదాలు అతుక్కున్నాయి. ఆ అమ్మాయి చేతిలోని గడియారం నడుస్తూనే ఉంది. ఆయన తలెత్తి గోడ దగ్గరున్న నన్ను చూశాడు. నోట్లో మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మాట్లాడొద్దంది కానీ కదలొద్దని అనలేదుగా. నా కుడికాలు ముందుకి జరిపాను, వెనక మడమ ఎత్తాను, రెండు మోకాళ్ళూ వంచాను. ఆయన కాలు కూడా జరిగింది. తోలు కిర్రుమంది. తివాచీ మీద లేని మంచులో, గుర్తుకి బాగా దూరంగా, గదంతా తీసుకుని పెద్ద వంపు తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి గడియారం ఆపడం మర్చిపోయింది. "అదేం మలుపు?" అంది. "పోస్ట్‌మాన్‌ది" అన్నాడు మార్టిన్. మళ్ళీ చెయ్యమంది, ఈసారి నన్ను గది బయట నిలబెట్టి. తలుపు అవతల నుంచి నేను చెవులు పెట్టి విన్నది ఒక్కటే చప్పుడు, ఆ తోలు చప్పుడు. అది వినిపించింది.

ఇంకో రెండు శీతాకాలాలు ఆయన ఆ ఇంట్లోనే ఉన్నాడు. రాకపోకలు తెరిచాక ఊనా ప్రతి శుక్రవారం వచ్చేది. చివరికి ఆయన చూపించిన ఆ మంచం మీదే పోయాడు. నేను పరీక్ష రాసి నర్సునయ్యాను, ఇప్పుడు కొత్తగా వచ్చే కేరర్లకి నేనే పని నేర్పుతున్నాను. వాళ్ళకి యంత్రాలొచ్చాయి, నేల మీద ఎర్రగీత వెలిగే కర్రలొచ్చాయి, మంచివే. నేను మాత్రం మొదటిరోజు మూడు మాటలు చెబుతాను: వాళ్ళ ఇంట్లో వాళ్ళ బూట్లు విప్పొద్దు, పట్టుకుని లాగొద్దు, ముందు మీరు నడవండి. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన్ని నిలబెట్టాను, తర్వాత చెప్పుకో అన్న ఆంటీ మాటలో రెండో సగాన్ని వదిలేశాను. ముందు భయం, ఆ తర్వాత సిగ్గు, ఆ తర్వాత ఇప్పుడెందుకులే అనే బద్ధకం.

టేపు సగం పీకేసరికి గోళ్ళు నొప్పిపుట్టాయి. ఊనా పక్కన కూర్చుని రెండో గీత తీస్తోంది. ముందు తలుపు దగ్గర వంపు దాకా వచ్చాక నేను చెయ్యి ఆపాను.

"ఊనా, ఆ రోజు బూట్లు విప్పింది మీ నాన్న కాదు. నేను. బయట మెట్టు పక్కన పెట్టాను. అందుకే పడ్డాడు."

ఆమె టేపు ముక్కని వేళ్ళ మధ్య ఉండ చేస్తూ, "తెలుసు" అంది. "ఆ సాయంత్రమే ఫోన్లో చెప్పాడు. నిన్ను తీయించేస్తానని అరిచాను. ఎవరితోనూ అననని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"ఎందుకు?"

"వచ్చినవాళ్ళందరూ ఆయన్ని బురద కాళ్ళతోనే కూర్చోబెట్టి వెళ్ళారట. తన ఇంటిని ఇల్లులా చూసింది నువ్వొక్కదానివేనట. అమ్మ పోయాక మళ్ళీ నువ్వేనట."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఊనా లేచి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. బరువుని బట్టే తెలిసింది ఏమిటో. మైనం వాసన ఇంకా ఉంది.

మా ఇంట్లో ఎంతటివాళ్ళయినా చెప్పులు గుమ్మం బయటే విడవాలి. గ్రేస్ ఆంటీ వచ్చినా అంతే. ఆ బూట్లు మాత్రం లోపల, హాల్లో, ముందు తలుపు దగ్గర ఉంటాయి.